చన్నీటి ఉతుకులో నానోకణాలు

చొక్కా మీద పడ్డ నెయ్యి చన్నీటిలో గడ్డకట్టి నూలుపోగులను పట్టుకుంటుంది. వేడినీళ్లు పోస్తే వదులుతుంది గానీ, నీళ్లు కాచే వాషింగ్ మెషీన్లలో కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది ఆ కాచడానికే. మరక మీద వేడి చేసే పనిలో చాలా భాగం ఎంజైములు చేయగలవు. జర్మనీలో ఒట్టో రోమ్ 1913లోనే క్లోమ ఎంజైములతో బట్టలుతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. 1988లో డెన్మార్క్‌కు చెందిన నోవో కంపెనీ, కొవ్వును విడగొట్టే లైపేజ్‌ను ‘లైపోలేజ్’ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. రక్తం, గుడ్డు మరకలకు ప్రోటియేజ్, గంజి మరకలకు అమైలేజ్ పనిచేస్తాయి.

అసలు చిక్కు నిల్వలో ఉంది: ద్రవ డిటర్జెంటులో ప్రోటియేజ్ తోటి ఎంజైములనే తినేస్తుంది. అందుకే ఎంజైము అణువులను గ్లుటరాల్డిహైడ్‌తో ఒకదానికొకటి ముడివేసి నానోకణాలుగా మలిచే పరిశోధనలు సాగాయి. ఇలా కట్టిన ఎంజైము తొందరగా చెడదు. నానోకణాలే అయినా వెండివాటి సంగతి వేరు. అవి బ్యాక్టీరియాను చంపుతాయే తప్ప మరకను వదిలించవు. పైగా ఉతికిన నీళ్లతో మురుగుకాలువలో చేరి అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకూ హాని చేయగలవు.