తేలిక బండి గెలుపోటములు

చిలమత్తూరు మండలంలోని కొడికొండ వద్ద నిలిచి దక్షిణంగా చూచినచో, ఎదుట సాగు రహదారి సుమారు 100 కిలోమీటర్ల దూరాన బెంగళూరు చేరును. వానకు ముఖంవాచిన ఈ మెట్టసీమ నుండి పని వెదుకుకొంటూ ఎందరో పోయినది ఆ దారినే. ఆ నగరంలో పుట్టి, పందేలలో పేరు గడించి, కొలది కాలానికే కనుమరుగైన ఒక కారు చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచినాము. దాని పేరు డాల్ఫిన్.

దీనిని నిర్మించిన సిపానీ సంస్థ 1970ల దశకంలో సన్‌రైజ్ అను పేరుతో ఆరంభమైనది. తొలుత బాదల్ అను మూడు చక్రాల బండిని చేసి, 1982లో డాల్ఫిన్‌ను వెలువరించినది. ఇంగ్లండులోని రిలయంట్ సంస్థవారి కిట్టెన్ కారు దీనికి మాతృక. యంత్రం అల్యూమినియంతోను, పైతొడుగు ఇనుపరేకుకు బదులు ఫైబర్‌గ్లాసుతోను చేయబడినవి.

ఆనాడు మన రోడ్లను ఏలుచున్న అంబాసిడర్ యంత్రం 1489 సి.సి.; డాల్ఫిన్‌ది 848 సి.సి. మాత్రమే. అయినను అంబాసిడర్ తూకం వెయ్యి కిలోలకు మించినది. డాల్ఫిన్ దానిలో ఇంచుమించు సగమే. బరువు తక్కువైన బండి త్వరగా వేగమందుకొనును, మలుపున అదుపు తప్పదు, బ్రేకు వేయగానే నిలుచును. పందెగానికి ఇంతకన్న కావలసినదేమి?

మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు విమానాల బాట ఒకటి గలదు. 1950ల దశకం నుండి మోటారు పందేలు దానిపైననే జరిగినవి. 1980లలో అక్కడి పందేలలోను, దూరప్రయాణపు రాలీలలోను ఔత్సాహికులు డాల్ఫిన్‌ను మక్కువతో ఎంచుకొన్నారు. చిన్న బండి పెద్దవాటిని వెంటాడి దాటుట ప్రేక్షకులకు కనులపండువ.

కాని సంసారి లెక్క వేరు. డాల్ఫిన్‌కు తలుపులు రెండే; వెనుక కూర్చుండు పెద్దలకు ఎక్కి దిగుట ప్రయాస. ఇనుపరేకు సొట్టపడినచో ఏ ఊరి పనివాడైనను సుత్తితో సరిచేయగలడు. ఫైబర్‌గ్లాసు పగిలినచో ఆ విద్య పనికిరాదు. ఇంతలో 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. నాలుగు తలుపులు, ఇనుప తొడుగు, నమ్మకమైన యంత్రం అందులో లభించినవి. సిపానీవారు నాలుగు తలుపుల మోంటానాను తెచ్చిరి గాని, అప్పటికే కొనుగోలుదారు మరలిపోయినాడు. 1990ల దశకంలో సంస్థ కార్ల నిర్మాణం ముగిసినది.

పందెంలో గెలిపించిన తేలికతనమే బజారులో అనుమానమైనది. గుణం ఒక్కటే, తూచిన త్రాసులు రెండు. యంత్రం నిపుణుల మెప్పు పొందినంత మాత్రాన చాలదు. దానిని వాడు ఇంటివారికిని, బాగుచేయు ఊరి పనివానికిని అది లొంగవలెను. మెట్టసేద్యానికి పనిముట్లు కొను మన రైతుకు ఈ సత్యం ఎవరును చెప్పనక్కరలేదు. కర్మాగారాలే దీనిని ఆలస్యంగా నేర్చుకొనుచుండును.