ముసురు రోజుల్లో పరుగు

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చలికాలమంటే సగం వానకాలమే. అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే శేషాచలం కొండ మబ్బులో మాయమవుతుంది, మూడు నాలుగు రోజులు ముసురు పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయిన సంగతి ఎవరం మరచిపోలేదు. బడుల ఆటల పోటీలు వచ్చేదీ ఇంచుమించు ఈ రోజుల్లోనే. మట్టి ట్రాకు మీద ముగ్గుపిండితో గీసిన గీతలు ఒక్క జల్లుకే కొట్టుకుపోతాయి. నేల ఆరాలంటే ఎండ కావాలి, ఆ ఎండే రాదు.

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడి గెలిచిన కప్పుల గురించి ఎలాగూ ఇంకెవరైనా రాస్తారు. నేను పైకప్పు గురించి రాస్తాను.

కప్పు కింద పరుగు పందెం చలిదేశాల్లో పుట్టింది. 1863 నవంబరులోనే లండన్‌లో ఆష్‌బర్న్‌హామ్ హాల్లో అలాంటి పోటీలు జరిగాయి. 1868 నవంబరు 11న న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్ తన తొలి పోటీలను ఒక స్కేటింగ్ హాల్లో పెట్టింది. 1908లో అదే నగరంలో ఒక పెద్ద దుకాణంలో పనిచేసేవాళ్లు మొదలుపెట్టిన మిల్‌రోజ్ పోటీలు 1914లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు మారాయి. బయట మంచు, లోపల చెక్క పలకల ట్రాకు, చుట్టూ జనం.

హాల్లో 400 మీటర్ల ట్రాకు పట్టదు. అందుకని 200 మీటర్ల ట్రాకు స్థిరపడింది. మలుపులు ఇరుకు కాబట్టి వేగంగా వచ్చేవాళ్లు బయటికి తూలిపోకుండా అక్కడ బయటి అంచును ఎత్తుగా కడతారు. వంద మీటర్ల తిన్నని దారీ పట్టదు, దాని బదులు 60 మీటర్లు. యూరప్ దేశాల ఇండోర్ పోటీలు 1966లో డార్ట్‌మండ్‌లో, ప్రపంచ ఇండోర్ క్రీడలు 1985లో పారిస్‌లో, ఆసియా ఇండోర్ ఛాంపియన్‌షిప్ 2004లో టెహ్రాన్‌లో మొదలయ్యాయి.

ఈ చరిత్రలోకి మన తెలుగమ్మాయి కూడా వచ్చింది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023 ఫిబ్రవరిలో అస్తానాలో జరిగిన ఆసియా ఇండోర్ పోటీల్లో ఆమె 60 మీటర్ల హర్డిల్స్‌ను 8.13 సెకన్లలో ముగించి వెండి పతకం తెచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో 8.12 సెకన్లతో బంగారమే గెలిచింది. అస్తానాలో ఆమె పరుగెత్తే నాటికి మన దేశంలో అలాంటి పోటీ నడపదగ్గ ఇండోర్ ట్రాకు లేదు. భువనేశ్వర్ కళింగ స్టేడియం ఆవరణలో 200 మీటర్ల ట్రాకు సిద్ధమైంది ఆ తర్వాతే.

మరి ఎక్కడ సాధన చేసినట్టు? జవాబు ఆ పందెం కొలతల్లోనే ఉంది. ఆడపిల్లల వంద మీటర్ల పందెంలో పది హర్డిల్స్ ఉంటాయి, అరవైలో అయిదు. మొదటి హర్డిల్ రెండింట్లోనూ 13 మీటర్ల దగ్గరే, ఆపైన హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య దూరం రెండింట్లోనూ 8.5 మీటర్లే. అంటే అరవై మీటర్ల పందెం వంద మీటర్ల పందేనికి ముందు సగం. 200 మీటర్ల ట్రాకు లేకపోయినా, తిన్నగా ఉన్న కాస్త పొడి నేల దొరికితే పరుగులో ముఖ్యమైన భాగం, అంటే స్టార్టు, మొదటి అడుగులు, వేగం అందుకోవడం, అన్నీ నేర్పవచ్చు.

ఈ సంగతి మన డ్రిల్లు అయ్యవారికి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. ముసురు పట్టినప్పుడు మమ్మల్ని ఇళ్లకు పంపేవారు కాదు. సాయంత్రం బెల్లు కొట్టాక పెద్ద వరండాలో వరుసగా నిలబెట్టి, విజిల్ ఊది, పది పది అడుగుల స్టార్టులు చేయించేవారు. చివర గోడకు హైజంపు కొబ్బరిపీచు పరుపు ఆనించేవారు. వేగం ఆపుకోలేనివాళ్లం వెళ్లి దానికే గుద్దుకునేవాళ్లం. ఒట్టికాళ్లతో తడి గచ్చు మీద పరుగు కాబట్టి జారిపడ్డవాళ్లూ ఉన్నారు. వానలు వెలిశాక మైదానంలోకి దిగితే మాత్రం మా స్టార్టు పక్క బడులవాళ్ల కంటే మెరుగ్గా ఉండేది.

తిరుపతిలో పైకప్పు ఉన్న పొడవాటి దారి ఏదంటే ఎవరైనా అలిపిరి మెట్లదారే చెబుతారు. సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. కాళ్లకు బలమిచ్చే దారే, కాదనను. కానీ అది గోవింద నామంతో ఎక్కేవాళ్ల దారి, అక్కడ స్టాప్‌వాచీకి పని లేదు. తారకరామ స్టేడియంలోనూ వాన పడితే పరుగు ఆగాల్సిందే.

స్తోమత ఉన్న ఇంటి పిల్లలు హైదరాబాదో బెంగుళూరో వెళ్లి సాధన సాగిస్తారు. పల్లెల నుంచి బస్సెక్కి మన బడికి వచ్చే అమ్మాయికి మాత్రం ముసురు మిగిల్చేది సెలవే. నలభై రోజులు ఆగిపోయి సరిగ్గా పోటీలప్పుడు ట్రాకెక్కితే కాలు పట్టేయక ఏమవుతుంది?

స్వర్ణోత్సవ గుర్తుగా ముఖద్వారం కట్టాలని సంఘంలో చాలామంది అంటున్నారు. పేర్లు చెక్కుకోవడానికి బాగుంటుంది, నిజమే. నా ఓటు మాత్రం రేకుల షెడ్డుకు. అరవై మీటర్ల దారి, స్టార్టు గీత వెనుక నిలబడేందుకు కాస్త చోటు, చివర వేగం తగ్గించుకోవడానికి పదిహేను మీటర్లు, మొత్తం ఎనభై అనుకుందాం. ఒక్కో లేనుకు 1.22 మీటర్ల లెక్కన మూడు లేన్లకు నాలుగు మీటర్ల లోపు వెడల్పు చాలు. గోడలు అక్కర్లేదు. జల్లు కొట్టకుండా రేకు కాస్త కిందికి దిగాలి. నీళ్లు మైదానంలోకి కాకుండా రోడ్డు వైపు పోయేలా వాలు పెట్టాలి. మొన్న వచ్చినప్పుడు సైకిల్ స్టాండు నుంచి వెనక కానుగ చెట్ల దాకా అడుగులతో కొలిచాను. ఒక్క చెట్టూ కొట్టకుండా ఎనభై మీటర్లు వస్తుంది.