ప్యాకెట్ వీపున మూడో ఇంజను

భారత వైమానిక దళంలో 1954 నుంచి 1980ల నడిమి దాకా పనిచేసిన అమెరికన్ రవాణా విమానం ఫెయిర్‌చైల్డ్ సి-119ను అందరూ ప్యాకెట్ అనే పిలిచేవారు. రెండు ఇంజన్ల వెనుక నుంచి రెండు పొడవాటి దూలాలు సాగి చివర ఒక అడ్డపట్టెతో కలుస్తాయి. వాటి నడుమ ఉండే పెట్టె వంటి శరీరం వెనుకవైపు రెండు తలుపులుగా తెరుచుకుంటుంది గనుక వాహనాన్ని సరాసరి లోపలికి ఎక్కించవచ్చు, ఆ తలుపులు ఊడదీసి బయలుదేరితే పారాచూట్లు కట్టిన మూటలను గాలిలోనే వెనుక నుంచి జారవిడవవచ్చు.

లద్దాఖ్‌కు కావలసింది సరిగ్గా ఇదే. 1948 మేలో ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని లేహ్‌లో డకోటా విమానాన్ని దించిన నాటి నుంచి అక్కడి సైన్యం ఆకాశమార్గం మీదనే ఎంతగానో ఆధారపడింది. 1950ల చివర చైనాతో సరిహద్దు వివాదం ముదిరి, దారీతెన్నూ లేని ఎత్తులలో కొత్త పోస్టులు వెలిసేసరికి వాటికి తిండిగింజలు, మందుగుండు అందించే భారం ప్యాకెట్ల మీద పడింది.

అయితే సిలిండర్లలో ఇంధనం మండించి ప్రొపెల్లరును తిప్పే పిస్టన్ ఇంజనుకు పలచటి గాలిలో శక్తి సన్నగిల్లుతుంది. రెండింటిలో ఒకటి ఆగిపోతే బరువుతో ఉన్న విమానం కొండల నడుమ నుంచి బయటపడటం దుర్లభం. అందుకే నాట్ యుద్ధవిమానం కోసం బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ తయారుచేస్తున్న ఆర్ఫియస్ జెట్ ఇంజనును ప్యాకెట్ వీపు మీద ఒక తొడుగులో బిగించి, గాల్లోకి లేచేటప్పుడు, శ్రేణులు దాటేటప్పుడు అదనపు బలంగా వాడుకున్నారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం పరాయి విమానాన్ని తన కొండలకు తగినట్టు దిద్దుకోగలిగింది. ప్యాకెట్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే.

1962 జులై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే కారకోరం కనుమ సమీపాన, 16,000 అడుగులకు పైనున్న దౌలత్ బేగ్ ఓల్డీలో మట్టినేల మీద ప్యాకెట్‌ను దించారు. అంత ఎత్తున విమానం దిగడం అప్పటికి ప్రపంచ రికార్డు. అయినా ఆ పోస్టులోని జవాన్లకు రికార్డు కన్నా విమానం నేల మీద ఆగడమే ముఖ్యం, ఎందుకంటే జారవిడిచిన మూటలు లోయల పాలు కావచ్చు, పైగా జబ్బుపడినవారిని ఆకాశం నుంచి ఎక్కించుకోవడం సాధ్యం కాదు.

1966 నాటి భూకంపానికి దౌలత్ బేగ్ ఓల్డీలోని నేల వదులై విమానాల రాక నిలిచిపోయింది. విడిభాగాల కొరత, వయసు మీదపడిన ఇంజన్లు ప్యాకెట్‌ను కుంగదీస్తుండగా 1984 నుంచి ఏఎన్-32 రవాణా విమానాలు వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించాయి. 2008 మే 31న, నాలుగు దశాబ్దాల విరామం తరువాత, దౌలత్ బేగ్ ఓల్డీలో మళ్లీ దిగినదీ ఏఎన్-32 విమానమే.