సిరా చెప్పిన సాక్ష్యం

మనం రాసుకునేవాటికి ‘టపా’ అని పేరు పెట్టుకున్నాం గనుక, అసలు టపా మీద అంటించే బిళ్ళను గురించి ఒక టపా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. తపాలా బిళ్ళల సేకరణ చాలామందికి పిల్లల వ్యాపకంగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక గట్టి చిక్కు ఉంది. కాగితం అసలుది, చిల్లులు అసలువి, పైన పడిన తపాలా ముద్ర కూడా అసలుదే అయినప్పుడు, బిళ్ళ నకిలీదని దేన్నిబట్టి నిర్ధారించాలి?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 1942లో ఫ్రాన్సు సుంకాధికారులు లిస్బన్ వర్తకుడొకరికి వెళుతున్న కవరును పట్టుకున్నారు. అందులో 18 పాత బిళ్ళలున్నాయి, అన్నీ ఖరీదైనవే. పంపినవాడు జాఁ ద స్పెరాతి. 1884లో ఇటలీలో పుట్టి, ఫ్రాన్సులో స్థిరపడినవాడు. అది యుద్ధకాలం. విలువైన సొత్తును అనుమతి లేకుండా దేశం దాటించాడని అభియోగం మోపారు. స్పెరాతి సమాధానం విచిత్రమైనది. అవి అసలు బిళ్ళలు కావు, నా చేతితో చేసినవి, వాటికి విలువే లేదు అన్నాడు. పిలిపించిన నిపుణులు పరీక్షించి, ఇవి అసలైనవేనని తేల్చారు! ఒక నేరం నుంచి తప్పించుకోవడానికి మరొక విద్యలో తన ప్రావీణ్యాన్ని రుజువు చేసుకోవలసి వచ్చింది ఆయనకు. అవే బిళ్ళలను మళ్ళీ చేసి చూపించాడు. వ్యవహారం ఏళ్ళ తరబడి నడిచింది. చివరకు నకిలీలు చేసినందుకు శిక్షపడింది గాని, వయసు మళ్ళినవాడు కావడంతో జైలుకు వెళ్ళలేదు.

ఆయన పద్ధతి తెలిస్తే నిపుణులు బోల్తాపడడంలో ఆశ్చర్యం కనిపించదు. ఏ ఖరీదైన బిళ్ళను చేయదలచాడో, ఆ కాలానికే చెందిన చవక బిళ్ళనొకదాన్ని తీసుకునేవాడు. రసాయనాలతో దాని మీది బొమ్మను కడిగివేసేవాడు. కాగితం, అందులోని నీటిగుర్తు, అంచున చిల్లులు మిగిలేవి. తపాలా ముద్ర కూడా చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉండేది. అప్పుడు ఆ ఖాళీ కాగితం మీద ఫోటో సాయంతో శిలాముద్రణ పద్ధతిలో కొత్త బొమ్మను అచ్చువేసేవాడు. అంటే నిపుణులు అలవాటుగా పరీక్షించేవన్నీ నిజంగానే అసలువి. బొమ్మ ఒక్కటే అబద్ధం.

ఆ అబద్ధాన్ని పట్టించింది ముద్రణ. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా బిళ్ళల్లో చాలావాటిని ఉబ్బెత్తు అచ్చుతో వేశారు, మన పాత అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలతో వేసినట్టే. ఉబ్బిన గీతలు కాగితాన్ని నొక్కుతాయి. నొక్కుడుకు సిరా పక్కలకు జరిగి, భూతద్దంలో గీత అంచున చిక్కటి కట్టలా కనిపిస్తుంది. బిళ్ళను తిప్పి ఏటవాలు వెలుతురులో చూస్తే వెనుకవైపు ఆ నొక్కుడు ఆనవాలు తెలుస్తుంది. శిలాముద్రణలో ఇవేవీ ఉండవు. సిరా పలుచగా, సమంగా కాగితంమీద కూర్చుంటుంది. పైగా స్పెరాతి అచ్చువేసేటప్పటికే తపాలా ముద్ర అక్కడ ఉంది. కనుక కొత్త సిరా దాని మీదుగా పోయింది. బొమ్మ పైన పడవలసిన ముద్ర, బొమ్మ కింద పడుకుంది! 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ ఆయన సరుకును, పనిముట్లను కొనివేసింది. ఆయన ఆ పని మానుకున్నాడు. 1957లో మరణించాడు. ఆయన నకిలీలను ఇప్పుడు నకిలీలుగానే డబ్బిచ్చి కొనేవారున్నారు.

ఇక మూడవది చెక్కడపు అచ్చు. లోహపు పలక మీద గీతలను లోతుగా చెక్కి, ఆ గాడుల్లోని సిరాను కాగితం పీల్చుకునేటట్టు ఒత్తుతారు. ఇందులో సిరా కాగితంపై మెట్టలా నిలుస్తుంది. నిజాం రాజ్యపు తొలి బిళ్ళలు ఈ రకానివే. (నిజాం బిళ్ళల మీద తెలుగు లిపి కూడా ఉండేదని గుర్తుచేయడం నాకొక సరదా.) పలుచని వెండికాగితాన్ని బిళ్ళపై పరిచి వేలితో మెత్తగా రాస్తే చెక్కడపు గీతలు దానిమీద తేలుతాయి. చదునైన నకలుపై అలా తేలవు. మంచి బిళ్ళల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

చదునుగా ఉన్నదల్లా నకిలీ అనుకుంటే మాత్రం పొరపాటే. 1854లో కలకత్తా సర్వే కార్యాలయంలో కెప్టెన్ తుయిలియర్ ఆధ్వర్యంలో తయారైన అర్ధణా, అణా, నాలుగణాల బిళ్ళలు అసలే శిలాముద్రణలు. రెండణాల బిళ్ళ ఒక్కటే టంకశాలలో ఉబ్బెత్తు అచ్చుతో వేసినది. కనుక చదునుగా కనబడే రెండణాల బిళ్ళను వెంటనే శంకించవచ్చు. చదునైన అర్ధణాను ఆ కారణంతో శంకించడానికి లేదు. దాన్ని గీతగీతగా అసలుతో పోల్చుకోవలసిందే. ఏ బిళ్ళను ఏ పద్ధతిలో వేశారో ముందుగా తెలియనివారి చేతిలో భూతద్దం ఉండీ లేనట్టే.

మనవారికి ఎక్కువగా ఎదురయ్యే నకలు 1948 ఆగస్టు 15న వెలువడిన గాంధీగారి పది రూపాయల బిళ్ళది. దేవనాగరిలోను, ఉర్దూలోను ‘బాపు’ అని ఉంటుంది. దాన్ని స్విట్జర్లాండులోని కూర్వాసియే సంస్థ ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చువేసింది. ఈ పద్ధతిలో పలక మీద సన్నని గుంటల వల ఉంటుంది. గుంట ఎంత లోతైతే రంగు అంత చిక్కన. అక్షరాలు కూడా ఆ వలలోంచే వస్తాయి గనుక, పెద్దగా చేసి చూస్తే వాటి అంచులు రంపపు పళ్ళలా కనిపిస్తాయి. నా దగ్గర దాని నకలొకటి ఉంది. ఆదివారంనాడు ఆబిడ్స్ పేవుమెంటు మీద, నకలని చెప్పే అమ్మారు. పదిరెట్లు పెద్దగా చూపే అద్దం కింద పెడితే గాంధీగారి చెంప మీద నీలం, గులాబీ, పసుపు చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కంప్యూటరు రంగులు విడదీసి వేసిన అచ్చు అది. అసలు బిళ్ళకు వాడిన రంగులు రెండే, గోధుమ వన్నె ఊదా, ముదురు ఎరుపు. పసుపు చుక్కకు అక్కడ చోటే లేదు.

గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం ‘సర్వీస్’ అన్న మాటను అదనంగా అచ్చువేసిన ప్రతుల విషయం ఇంకా చిక్కుది. అక్కడ బిళ్ళ అసలుదే కావచ్చు. పరీక్షించవలసింది ఆ ఏడు ఇంగ్లీషు అక్షరాల సిరాను మాత్రమే.