2¹²⁷ − 1: ఒక ప్రధాన సంఖ్య చరిత్ర

ఒకటితోను, తనతోను తప్ప మరే ధన పూర్ణాంకంతోను నిశ్శేషంగా భాగింపబడని, ఒకటి కన్న పెద్దదైన సంఖ్య ప్రధాన సంఖ్య. 127 రెండ్ల లబ్ధం నుంచి ఒకటి తీసివేయగా వచ్చే 170141183460469231731687303715884105727 అనే 39 అంకెల సంఖ్య అటువంటిదేనని 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ ల్యూకా ప్రకటించాడు. 1951 వరకు మానవులకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో దానిని మించినది లేదు.

ఈ రూపంలోని సంఖ్యలపై ఆసక్తి యూక్లిడ్ నాటిది. 2 యొక్క p-వ ఘాతం కన్న ఒకటి తక్కువైన సంఖ్య ప్రధానమైతే, దానిని 2 యొక్క (p − 1)-వ ఘాతంతో గుణించగా పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి తక్కిన భాజకాల మొత్తానికి సమానమైన సంఖ్య, లభిస్తుందని ఆయన నిరూపించాడు. 1644లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి, p విలువ 257 దాటకుండా ఇటువంటి ప్రధాన సంఖ్యల జాబితా ప్రకటించి, అందులో 127ను చేర్చాడు. అయితే 67, 257 ఆ జాబితాలో పొరపాటున చేరగా 61, 89, 107 విడిచిపోయాయి కనుక, ఆయన మాటను నిరూపణగా గ్రహించడానికి వీలులేదు.

1772లో ఆయిలర్ 2³¹ − 1 ప్రధానమని తేల్చినప్పుడు, సాధ్యమైన భాజకాలను ముందే వడకట్టి, మిగిలినవాటితో భాగించి చూశాడు. 2¹²⁷ − 1కు ప్రధాన భాజకమేదైనా ఉంటే అది 254 యొక్క గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలన్నది నిజమే గాని, దాని వర్గమూలమే 20 అంకెలది కావడంతో ఆ దారిన చేతిలెక్క సాగదు.

ల్యూకా గొప్పతనం భాజకాల వేటనే విడిచిపెట్టడంలో ఉంది. 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్ని వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్నే తరువాతి పదంగా తీసుకోవాలి. చిన్న ఉదాహరణగా 127నే, అంటే 2⁷ − 1ను, తీసుకుంటే 3, 7, 47, 48, 16, 0 అని వరుస నడుస్తుంది. ఐదవ మెట్టున సున్న రావడమే ప్రధానత్వానికి నిదర్శనం. 2¹²⁷ − 1కు ఇటువంటి మెట్లు 125 చాలు. 4తో మొదలై, p బేసి ప్రధాన సంఖ్యగా ఉన్న ప్రతి సందర్భానికీ వర్తించే నేటి రూపాన్ని 1930 ప్రాంతంలో డి. హెచ్. లెహ్మర్ స్థిరపరిచాడు. ఈ మార్గానికి మరో విశేషముంది: 2⁶⁷ − 1 ప్రధానం కాదని 1876లోనే ల్యూకా చూపినా, దాని కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో గాని ఎఫ్. ఎన్. కోల్ ప్రకటించలేదు.

1951లో మిల్లర్, వీలర్‌లు కేంబ్రిడ్జ్‌లోని ఎడ్శాక్ కంప్యూటర్‌తో 79 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొన్నప్పుడు, అది ల్యూకా సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలపగా ఏర్పడినదే. 1952 జనవరిలో రఫేల్ రాబిన్‌సన్ లెహ్మర్ పరీక్షతోనే 2⁵²¹ − 1ను సాధించాడు. 2024 అక్టోబరులో వెలువడిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను ధ్రువీకరించినదీ అదే పరీక్ష. ల్యూకా సంఖ్య మాత్రం ద్విసంఖ్యామానంలో వరుసగా 127 ఒకట్లుగా ఉండటం వల్ల, దానితో శేషం కనుగొనడానికి భాగహారం అక్కరలేక, పై అంకెలను కింది అంకెలకు కూడితే సరిపోతుంది కనుక, సమాచార గోప్యత కోసం రూపొందిన ఫోర్‌క్యూ అనే వక్రరేఖా పద్ధతికి ఆధారంగా నేటికీ పనిచేస్తున్నది.