నెలకి 30 డాలర్ల జీతగాళ్ళు కట్టిన రాతి బురుజు

ఈరోజు మనం ఒక బురుజు గురించి మాట్లాడుకుందాం. అయితే ఇది గోల్కొండలోనో కొండవీడులోనో ఉన్నది కాదు. అమెరికాలో సియాటిల్ కి ఉత్తరంగా, కెనడా బోర్డర్ పక్కనే, ఆర్కస్ అనే ద్వీపం మీద ఉంది. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. లాంగ్ వీకెండ్ వస్తే అనకోర్టెస్ లో కారుతో సహా ఫెర్రీ ఎక్కి ఈ ద్వీపానికి వెళ్తారు, బురుజు ఎక్కి రీల్ తీసుకుని దిగిపోతారు. ఆ బురుజుని ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న కథ మాత్రం ఆ రీల్ లో ఉండదు.

ముందు కొండ సంగతి. పేరు మౌంట్ కాన్‌స్టిట్యూషన్. ఇది రాజ్యాంగం పేరు అనుకునేరు, ఓడ పేరు! 1841లో ఛార్లెస్ విల్క్స్ అనే నేవీ అధికారి ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తూ, యుఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక పేరు ఈ కొండకి పెట్టేశాడు. లమ్మీ వాళ్ళలాంటి తెగలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడ ఉన్నారు, వాళ్ళని అడిగి పెట్టిన పేరైతే కాదు. ఎత్తు సుమారు 2,400 అడుగులు. మన తిరుమల కన్నా తక్కువే, కానీ సముద్రంలోంచి నేరుగా లేచినట్టు ఉంటుంది కాబట్టి చూడ్డానికి చాలా పెద్దగా కనిపిస్తుంది.

ఇక రాబర్ట్ మోరన్ దగ్గరికి వద్దాం. 1875లో టీనేజ్ లో సియాటిల్ లో దిగాడు, జేబులో దాదాపు ఏమీ లేదు. పదమూడేళ్ళు తిరిగేసరికి ఆ ఊరికే మేయర్. 1889లో సియాటిల్ డౌన్‌టౌన్ మొత్తం తగలబడినప్పుడు మేయర్ ఇతనే. ఆ మంటల్లో ఇతని సొంత వర్క్‌షాప్ కూడా పోయింది. మళ్ళీ లేచి షిప్‌యార్డ్ పెట్టి, యుఎస్ఎస్ నెబ్రాస్కా అనే బ్యాటిల్‌షిప్ కట్టాడు. అది 1904లో నీళ్ళలోకి దిగింది. ఈలోగా ఒళ్ళు చెడింది. పనిభారం, టెన్షన్. ఎక్కువ కాలం బతకవు అని డాక్టర్లు చెప్పేశారు. మా ఐటీలో దీన్ని బర్నౌట్ అంటాం. కాకపోతే మనం రెండు వారాలు లీవ్ పెడతాం, ఆయన షిప్‌యార్డ్ అమ్మేసి ద్వీపానికి వెళ్ళిపోయాడు. అక్కడ రొసారియో అని పెద్ద భవనం కట్టుకుని, ఏడాదో రెండేళ్ళో అనుకున్న మనిషి 1943 దాకా బతికాడు. 1921లో కొండతో సహా 2,700 ఎకరాలకు పైగా భూమిని వాషింగ్టన్ రాష్ట్రానికి ఉచితంగా ఇచ్చేశాడు. అదే ఇప్పటి మోరన్ స్టేట్ పార్క్.

మంచి పనే, కాదనను. కాకపోతే పార్క్ పేరు చూసి జనం అంతా ఈయనే చేశాడనుకుంటారు. భూమి ఈయనది, బురుజు మాత్రం వేరేవాళ్ళ చెమట.

1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి పనిచేసే ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి ఉద్యోగం లేదు. మీ క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూప్ తెరిచి నాలుగో పేరు నాలుగో పేరు కొట్టేస్తూ పొండి, అలా ఉంటుంది. ఆ ఏడాదే రూజ్‌వెల్ట్ ప్రెసిడెంట్ అయ్యి సీసీసీ అని ఒక స్కీమ్ పెట్టాడు. పూర్తి పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. పెళ్ళికాని, పనిలేని కుర్రాళ్ళు, మొదట్లో 18 నుంచి 25 ఏళ్ళ వయసువాళ్ళు, క్యాంపుల్లో ఉండి అడవుల్లో, పార్కుల్లో పనిచేయాలి. తిండి, బట్టలు, పడక ప్రభుత్వానివే. జీతం నెలకి 30 డాలర్లు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్ళిపోతాయి, చేతికి 5.

ఈ 25, 5 లెక్క దగ్గరే నేను ఆగిపోయాను. మొదటి జీతం రాగానే నాన్న అకౌంట్ కి కొట్టేసి, మిగిలినదానితో పీజీ అద్దె కట్టిన వాళ్ళు ఇది చూస్తున్నవాళ్ళలో ఎంతమంది ఉంటారో! అక్కడైతే ఛాయిస్ కూడా లేదు, రూలే అది. చాలామంది క్యాంపుకి వచ్చేనాటికి బక్కచిక్కి ఉండేవారు. మూడు పూటలా తిండి దొరికాక బరువు పెరిగారని రికార్డులు చెప్తాయి.

మోరన్ పార్క్ లోనూ అలాంటి క్యాంపు పెట్టారు. ట్రయల్స్ వేశారు, చిన్న వంతెనలు కట్టారు, పిక్నిక్ షెల్టర్లు లేపారు. అన్నిటికన్నా పెద్ద పని కొండ మీది బురుజు. డిజైన్ ఎల్స్‌వర్త్ స్టోరీ అనే సియాటిల్ ఆర్కిటెక్ట్ ది. 1936లో పూర్తయింది, ఎత్తు సుమారు 50 అడుగులు. ఇసుకరాయి ఆ ద్వీపంలోదే. రాళ్ళు కొట్టి, కొండ మీదికి చేర్చి, ఒకదాని మీద ఒకటి పేర్చడం మాటలు కాదు. ఈ కుర్రాళ్ళలో చాలామందికి ఉలి పట్టుకోవడం కూడా తెలియదు. అందుకే సీసీసీ క్యాంపుల్లో పని తెలిసిన స్థానిక మేస్త్రీలని పెట్టి నేర్పించేవారు.

స్టోరీ తీసుకున్న నమూనా ఎక్కడిదో తెలుసా? కాకసస్ పర్వతాల్లోని 12వ శతాబ్దపు కావలి బురుజులు. ఇప్పటి జార్జియా దేశంలో స్వానెటి అనే ప్రాంతంలో ఇంటింటికీ ఒక రాతి బురుజు ఉంటుంది. బయటి శత్రువు వచ్చినా, పక్కింటివాడితో తరాల పగ రగిలినా కుటుంబమంతా అందులో దూరి తలుపేసుకునేవారు. అందుకే మందపాటి గోడలు, సన్నటి కిటికీలు. ఆన్‌సైట్ కి వెళ్ళినప్పుడు నేనూ ఈ బురుజు ఎక్కాను. లోపల మెట్ల దగ్గర చీకటిగా, చల్లగా ఉంటుంది. కిటికీ చూస్తే బాణం దూరేంతే అనిపిస్తుంది. పైకి రాగానే ఒక్కసారిగా సముద్రం, ద్వీపాలు, మంచు కప్పిన మౌంట్ బేకర్. ఆకాశం తేటగా ఉంటే కెనడాలో వాంకోవర్ వైపు దాకా కనిపిస్తుంది.

మరి యుద్ధమే లేని చోట యుద్ధపు బురుజు ఏంటి అంటారా? పూర్తిగా లేదని కూడా చెప్పలేం. అక్కడికి పక్కనే ఉన్న శాన్ వాన్ ద్వీపంలో 1859లో ఒక అమెరికన్ తన తోటలో బంగాళాదుంపలు తింటున్న బ్రిటిష్ కంపెనీ వాళ్ళ పందిని కాల్చేశాడు. ఆ దెబ్బకి రెండు దేశాల సైన్యాలూ దిగిపోయి, పన్నెండేళ్ళకు పైగా ద్వీపానికి చెరో చివర కూర్చున్నాయి. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి తీర్పు చెప్తే ఆ ద్వీపాలు అమెరికాకి వచ్చాయి. మొత్తం మీద ప్రాణం పోయింది పందికి ఒక్కదానికే. దీని మీద సెపరేట్ ఎపిసోడ్ చేయాలి నేను.

సీసీసీలో అంతా బంగారమే అని కూడా అనను. ఆడపిల్లలకి అందులో చోటు లేదు. నల్లజాతి యువకులని ఎక్కువగా వేరే క్యాంపుల్లో పెట్టారు. పైగా ఊరికే కూర్చోబెట్టి పోషిస్తున్నారని, డబ్బు తగలేస్తున్నారని అప్పట్లోనూ తిట్టినవాళ్ళున్నారు. ఈ మాట మనకి కొత్త కాదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పటి నుంచీ మన టీ కొట్టు దగ్గర ఇదే డైలాగ్. గుంతలు తవ్వి గుంతలు పూడుస్తున్నారు అని. నిజంగా అలా జరిగిన చోట్లు ఉండొచ్చు. కానీ సీసీసీ 1942లో మూతపడేనాటికి దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేశారు, వాళ్ళ ఇళ్ళల్లో ఆ 25 డాలర్లతో పొయ్యి వెలిగింది. వాళ్ళు పేర్చిన రాళ్ళ మీద నిలబడే మనవాళ్ళు ఇప్పుడు డ్రోన్ ఎగరేద్దామా అని చూస్తున్నారు. ఎగరేసే ముందు స్టేట్ పార్క్ రూల్స్ చూసుకోండి బాబూ, పర్మిషన్ కావాలి.

సియాటిల్ లో ఉన్నవాళ్ళు వెళ్తే ఒక పని చేయండి. పైన వ్యూ ఎలాగూ తీస్తారు, దిగేటప్పుడు గోడకి దగ్గరగా ఫోన్ పెట్టి ఆ రాళ్ళ అతుకులు కూడా తీసి పంపండి. ఇక్కడున్నవాళ్ళు మీ ఊరి బురుజు ఫోటో పంపండి. తెలంగాణలో చాలా పల్లెల్లో ఇంకా నిలబడే ఉన్నాయి. కట్టినవాళ్ళ గురించి మీ తాతయ్య, నానమ్మ ఏమన్నా చెప్తే అదీ రాయండి. బాగున్నవి పంది యుద్ధం ఎపిసోడ్ చివర్లో చూపిస్తాను. ఉంటానండి.