పొరను ఒలవడం నుంచి ధమనిని మూయడం దాకా

మెదడును కప్పి ఉండే డ్యూరా అనే దళసరి పొర కింద వారాల తరబడి మెల్లగా పేరుకునే పాత రక్తాన్ని దీర్ఘకాలిక సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. వృద్ధుల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బులో రక్తాన్ని తీయడం కన్నా, తీసినచోట అది మళ్లీ చేరకుండా చూడడమే శస్త్రవైద్యులను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది.

1857లో జర్మన్ వైద్యుడు ఫిర్కో దీన్ని డ్యూరాకు వచ్చే శోథగా, అంటే కణజాలం ఎర్రబడి వాచే చర్యగా భావించగా, 1914లో శస్త్రవైద్యుడు విల్‌ఫ్రెడ్ ట్రాటర్ మెదడు నుంచి డ్యూరాకు సాగే సన్నని సిరలు దెబ్బ తగిలి తెగడమే మూలమని వాదించాడు. రక్తం చుట్టూ పెరిగే కొత్త పొరను వదిలేస్తే జబ్బు తిరగబెడుతుందన్న భయంతో పుర్రెను వెడల్పుగా తెరిచి ఆ పొరను ఒలిచే పద్ధతి చాలాకాలం సాగింది. అయితే పుర్రెకు చిన్న రంధ్రాలు పెట్టి రక్తాన్ని కడిగేసిన రోగులే మెరుగ్గా ఉన్నారని 1964లో అమెరికాకు చెందిన స్వీన్, గెలెటీ చూపడంతో ఆ నమ్మకం సడలింది. 1971లో సీటీ స్కాన్ వైద్యరంగంలోకి వచ్చింది. దాంతో పుర్రె తెరవకుండానే రక్తాన్ని చూడడం, అది తిరిగి చేరిందో లేదో తేల్చుకోవడం వైద్యులకు సాధ్యమయ్యాయి.

తిరగబెట్టడాన్ని తగ్గించడంలో అన్నిటికన్నా గట్టి ఆధారం దొరికింది మాత్రం ఒక మామూలు గొట్టానికి. కేంబ్రిడ్జ్‌లో 215 మందిపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, శస్త్రచికిత్స తర్వాత 48 గంటలపాటు డ్రెయిన్ గొట్టం ఉంచినవారిలో 9.3 శాతం మందికి, ఉంచనివారిలో 24 శాతం మందికి రక్తం మళ్లీ చేరింది. ఆరు నెలల్లో మరణాలు కూడా గొట్టం ఉంచినవారిలో సగానికి తక్కువే. ఇంత చవకైన ఉపాయానికి ఇంత బలమైన రుజువు వైద్యంలో అరుదు.

ఫిర్కో చెప్పిన శోథ మరో రూపంలో తిరిగి చర్చకు వచ్చింది. కొత్త పొరలోని పెళుసు రక్తనాళాలే పదేపదే స్రవిస్తాయని తెలిశాక, శోథను అణచే డెక్సామెథసోన్‌పై ఆశలు పెరిగాయి. బ్రిటన్‌లో 748 మందిపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో ఆ మందు మళ్లీ శస్త్రచికిత్స చేయాల్సిన అవసరాన్ని 7.1 నుంచి 1.7 శాతానికి తగ్గించింది గాని, ఆరు నెలల తర్వాత బాగా కోలుకున్నవారు మందు పొందినవారిలోనే తక్కువ. తిరగబెట్టకపోవడం, రోగి బాగుపడడం ఒకటే కాదని ఇది తేటతెల్లం చేసింది.

ఆ పొరకు రక్తాన్నిచ్చే మధ్య మెనింజియల్ ధమనిని కాథెటర్ ద్వారా మూసే పద్ధతిని, లివర్ సిర్రోసిస్ ఉండి రక్తం పదేపదే చేరుతున్న ఒక రోగిలో విజయవంతంగా వాడినట్లు జపాన్ వైద్యులు 2000లో నివేదించారు. 2024లో వెలువడిన ఎంబొలైజ్ పరీక్షలో, శస్త్రచికిత్సకు దీన్ని జోడించినప్పుడు మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనవారు 11.3 నుంచి 4.1 శాతానికి తగ్గారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ పరీక్షలో మాత్రం రక్తం మళ్లీ చేరినవారి సంఖ్యలో 21 నుంచి 14.8 శాతానికి వచ్చిన తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు. అందుకే ఈ చికిత్స అందరికీ అవసరమా, తిరగబెట్టే ముప్పు ఎక్కువ ఉన్నవారికి పరిమితం చేయాలా అన్న వాదన ఇంకా సాగుతోంది.